బయట తిని వచ్చిన బండి

పోయిన వారం టైలరమ్మను మనం కారులో, పెట్రోలు ముల్లు ఎదురుగా వదిలిపెట్టాం.

భర్త జ్వరంతో పడుకుంటే, కుట్టిన యూనిఫాంలు స్కూలుకు అప్పజెప్పడానికి ఆవిడ మొదటిసారి ఒంటరిగా ఆ బండి బయటికి తీసింది. ఎత్తు రోడ్డు ఎక్కుతూ కాలు కాస్త గట్టిగా నొక్కేసరికి, అప్పటిదాకా పిల్లిలా నడిచిన బండి గుర్రుమని లేచింది. బెదిరిపోయి పక్కకు ఆపి చూస్తే ముల్లు అడుగున ఉంది. "ఇది పెట్రోలు వాసన కూడా చూడదు, టాంకు ఎప్పుడు నింపానో నాకే గుర్తులేదు" అని కొద్ది రోజుల ముందే చెప్పిన మనిషి ఇంట్లో ముసుగేసుకుని పడుకున్నాడు. ఇంజను కాసేపటికి దానంతటదే ఆగింది. ఆవిడ ఆలోచన మాత్రం ఆగలేదు.

జ్వరం తగ్గి ఆయన డ్యూటీకి వెళ్ళడం మొదలుపెట్టాక కూడా ఆవిడ అడగలేదు. అడిగితే ఆయన ఏదో ఒకటి చెబుతాడు. చెప్పింది నమ్మాలి, లేకపోతే నమ్మకూడదు. రెండింటికీ ఆవిడ దగ్గర ఓపిక లేదు. కొడుకు పోయాక ఆ ఇంట్లో మాటలు చాలీచాలని గుడ్డముక్కలా తయారయ్యాయి. ఇటు లాగితే అటు చాలదు.

వాడు పదో తరగతి చదువుతుండగా సైకిలు మీంచి పడ్డాడు. తల లోపల దెబ్బ. ఇక లేడని చెప్పిన డాక్టర్లే, వాడి గుండె ఇంకో బిడ్డను బతికిస్తుంది, ఇస్తారా అని అడిగారు. ఆయన సంతకం పెట్టాడు. ఆవిడ కాదనలేదు గాని, ఆయన చేతిని తన తల మీద పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది. "ఎవరికి పెట్టారో మీకు తెలిసినా సరే, నాకు మాత్రం చెప్పకండి." ఆయన సరేనన్నాడు. ఆ సంగతి మళ్ళీ ఇద్దరూ ఎత్తలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఈ బండి కొన్నాడు.

బండి గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. కరెంటూ పెట్రోలూ రెండూ తాగే రకం అది. ఇంటికి తెచ్చిన రోజున మామయ్యగారు దాన్ని చుట్టూ తిరిగి చూసి, "ఇన్వర్టరూ జనరేటరూ ఉన్న ఇల్లన్నమాట" అని తేల్చేశారు. చిన్న బ్యాటరీ ఉంటుంది. ఇంట్లో ప్లగ్గుకు పెట్టి నింపుకుంటే నలభై యాభై కిలోమీటర్లు చప్పుడు లేకుండా పోతుంది. అది అయిపోతే, లేదా మరీ తొందరపెడితే, పెట్రోలు ఇంజను అందుకుంటుంది. ఒక్కటే లోటు, నిండడానికి చాలాసేపు పడుతుంది. షోరూములో అమ్మేవాడు పూర్తి కరెంటు బండి చూపించి, "ఇదైతే దారిలో అరగంటలో నింపుకోవచ్చు సార్, మీరు చెప్పేది నత్తనడక" అని ఎంత చెప్పినా ఈయన వినలేదు. నాకు నత్తే కావాలన్నాడు. దారి మధ్యలో ఆగిపోతుందని భయం కాబోలని ఆవిడ అనుకుంది.

ఆయన ఊరి నీళ్ళ ప్లాంటులో సూపర్‌వైజరు. ఇంటి నుంచి ప్లాంటుకు వెళ్ళి రావడానికి బ్యాటరీ చాలు, ఇంకా మిగులుతుంది. మరి పెట్రోలు ఏమైనట్టు? రాత్రిపూట చార్జింగు ఎక్కకపోవడమైనా అయి ఉండాలి, బండి ఎక్కడికో దూరం పోవడమైనా అయి ఉండాలి. ఆవిడ మొదటిదాన్ని పట్టుకుంది. మనిషి మనసు ముందు తేలికైన దోషినే వెతుక్కుంటుంది కదా.

ఆ తేలికైన దోషి ఇంట్లోనే ఉన్నాడు.

మామయ్యగారు కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉండగా ఒకసారి, స్తంభం మీద తోటివాడు పనిచేస్తుంటే కింద ఎవరో చూసుకోకుండా స్విచ్ వేశారు. ఆ రోజు నుంచి, వెలుగుతున్న స్విచ్ కంటబడితే ఆర్పకుండా ఉండలేరు. భోజనం కాగానే చేతులు వెనక్కి కట్టుకుని గదిగదికీ తిరుగుతారు. టీవీలో వార్తలు సగంలో ఆగిపోతాయి. వీధిలో పిల్లలు ఆయన్ను 'ఆర్పే తాత' అంటారు. ఆయన కూడా ఆ పిలుపుకే పలుకుతారు.

బుధవారం సాయంత్రం ఆయన వసారాలో వంగి, బండి పక్కనున్న మూత తెరిచి చార్జింగు గొట్టం పెడుతుండగా టైలరమ్మ వచ్చి నిలబడింది. మెడలో టేపు అలాగే ఉంది.

"మామయ్యగారూ, ఒక మాట అడుగుతాను. ఏమీ అనుకోకండి."

"అలా అన్నావంటే అనుకునేదే అడుగుతావు. అడుగు."

"రాత్రిళ్ళు ఈ స్విచ్ కూడా ఆపేస్తున్నారా?"

ఆయన వంగినవారు వంగినట్టే తల తిప్పి చూశారు. "ఏంటీ?"

"అదే... అలవాటు కొద్దీ, అన్నిటితో పాటు..."

"అమ్మాయ్, నువ్వు స్నానం చేస్తుంటే లైటు ఆర్పాను, ఒప్పుకుంటాను. ఫ్రిజ్ ఆర్పి ఐసంతా నీళ్ళు చేశాను, అదీ ఒప్పుకుంటాను. నీ మిషను మోటారు ఆపి నీ చేత తిట్లు తిన్నాను."

"నేనెప్పుడు తిట్టానండీ మిమ్మల్ని?"

"తిట్టలేదు, నిట్టూర్చావు. తిట్టినా బాగుండేది." ఆయన నడుం పట్టుకుని నెమ్మదిగా లేచారు. "కాని ఈ స్విచ్ జోలికి మాత్రం పోలేదు. బండి తెచ్చిన రోజున వాడు ఈ గొట్టం నా చేతిలో పెట్టి, నాన్నా, రోజూ సాయంత్రం దీనికి మేత వేసే పని నీది అన్నాడు. పిల్లాడు ఉన్నప్పుడు వాణ్ణి స్కూల్లో దింపేవాణ్ణి, తీసుకొచ్చేవాణ్ణి. వాడు పోయాక ఈ ఇంట్లో నాకంటూ ఎవరైనా అప్పజెప్పిన పని ఇదొక్కటే. దాన్ని నేనే చెడగొట్టుకుంటానా?"

టైలరమ్మ తల దించుకుంది. మెడలోని టేపు తీసి వేలికి చుట్టడం మొదలుపెట్టింది. "తప్పుగా అడిగాను, మామయ్యగారూ. పెట్రోలు అయిపోయి ఉంది, ఎలాగా అని..."

గొట్టం పక్కన పచ్చ లైటు మిణుకుమిణుకుమంటోంది. ఆయన దాన్నే చూస్తూ నిలబడ్డారు.

"ఇలా మిణుకుతోందంటే తింటోందన్నమాట" అన్నారు. "మన భోజనాలయ్యాక కూడా మిణుకుతూనే ఉంటుంది. కడుపు నిండాక కదలకుండా వెలుగుతుంది. ఇంతకు మించి దానికి భాష లేదు. రోజూ ఇంతే. గురువారం తప్ప."

"గురువారం ఏమవుతుంది?"

"నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను. అడగకపోతే చెప్పేవాణ్ణి కాదు." ఆయన గొంతు తగ్గింది. "గురువారం సాయంత్రం నేనిలా పెట్టగానే ఏదో మాటవరసకు కాసేపు మిణికి, నిలబడిపోతుంది. తినదు."

"పాడైందేమో."

"శుక్రవారం మళ్ళీ మామూలే. పాడవలేదమ్మా. దానికి ఆకలి లేదు. బయట తిని వచ్చింది."

ఆ మాట పెద్దాయన ఎంత మామూలుగా అన్నారో, అంత సూటిగా తగిలింది. ఆలస్యంగా ఇల్లు చేరి, కంచం ముందు కూర్చుని, నాకు ఆకలిగా లేదులే అనే మగవాళ్ళ గురించి ఆవిడ, కుట్టడానికి బట్టలిచ్చే ఆడవాళ్ళ దగ్గర ఎన్నిసార్లు వినలేదు! గురువారం తన భర్తకు సెలవు. ప్లాంటులో తనిఖీ ఉంటుందని చెప్పి వెళ్తాడు.

"మీకు ఎన్నాళ్ళ నుంచి తెలుసు?"

"ఎండలు ముదరక ముందు నుంచి."

"నాకొక్క మాట చెప్పాలని అనిపించలేదా?"

"కొడుకు గురించి కోడలికి ఏమని చెప్పను? బండి ఎక్కడో ఎంగిలి పడుతోందని చెప్పనా?" ఆయన వసారా మెట్టు మీద కూర్చున్నారు. "వాడు తాగి రాడు. ఈలలు వేసుకుంటూ రాడు. గురువారం వచ్చి కాళ్ళు కడుక్కుని నా పక్కన కూర్చుంటాడు. ఒక్కోసారి నా చేయి పట్టుకుంటాడు. చిన్నప్పుడు కూడా పట్టుకున్నవాడు కాదు. తప్పు చేసి వచ్చినవాడి చేయి అలా ఉంటుందా, అమ్మాయ్? నాకు తెలీదు. తెలీనిదాన్ని నీ నెత్తిన ఎందుకు పెట్టాలని ఊరుకున్నాను."

ఆవిడ బండి తలుపు తీసి, ముందుసీట్లో కూర్చుని, అరలో ఉన్న పుస్తకం తీసింది. బండితో పాటు ఇచ్చిన పుస్తకం, ఇంతవరకూ ఎవరూ విప్పినట్టు లేదు. గేరు పక్కన ఉన్న బొత్తాలు ఒక్కొక్కటే చూసుకుంటూ, పుస్తకంలో వెతుక్కుంటూ పోయింది. ఒకటి కరెంటుతోనే నడపడానికి. ఒకటి రెండూ కలిపి. మూడోదాని మీద గుర్తు అరిగిపోయి ఉంది. మిగతావి కొత్తగా మెరుస్తుంటే అదొక్కటే వేలి ముద్రలతో మాసిపోయింది. అది దేనికో చదివింది. బ్యాటరీలో ఉన్నదాన్ని ముట్టుకోకుండా దాచిపెట్టి, పెట్రోలుతో నడపడానికట.

రెండోసారి కూడా చదివింది. బిందె నిండా నీళ్ళు మోసుకొస్తూ, దారిలో దాహం వేస్తే కొనుక్కుని తాగినట్టుంది ఈ వ్యవహారం. ఎక్కడో నింపుకున్న కరెంటును చుక్క కూడా ఒలకకుండా ఇంటికి తెస్తున్నాడు. ఎందుకు?

ఆ సాయంత్రం దేవుడి గదిలో కూర్చున్నప్పుడు ఆవిడ పెదవులు రోజూ చదివేవి చదివాయి. మనసు మాత్రం అడగాల్సింది అడిగింది. స్వామీ, ఒకటి తీసుకున్నావు. ఎందుకని నిన్ను నిలదీయలేదు. ఇప్పుడు రెండోదాని మీద కూడా చేయి వేశావా? నిజం చూపించమని అడగనా, ఓర్చుకోగలిగిందే చూపించమని అడగనా? ఈ రెండూ ఒకటే ఎందుకు కాకూడదు? జవాబు రాలేదు. ఆవిడ దణ్ణం పెట్టుకుని లేచింది. జవాబు రాలేదని దణ్ణం మానేసే అలవాటు ఆవిడకు లేదు.

గురువారం పొద్దున ఆయన తాళం తీసుకుని వసారాలోకి వచ్చేసరికి పక్కసీట్లో టైలరమ్మ ఉంది. ఇస్త్రీ చీర, ఒళ్ళో చేతిసంచి.

"ఎక్కడికి? నేను డ్యూటీకి కదా."

"డ్యూటీకి మీరు వెళ్ళండి. బండి ఎక్కడికి వెళ్తుందో నేనక్కడికి వస్తాను."

ఆయన తలుపు మీద చేయి వేసి నిలబడిపోయాడు. మెట్టు మీద మామయ్యగారు పేపరు తలకిందులుగా పట్టుకుని చదువుతున్నారు. కొడుకు ఆయన వైపు చూశాడు.

"నా వంక చూడకు" అన్నారు పెద్దాయన. "నేను మేత వేసేవాణ్ణే. తోలేవాణ్ణి కాను."

బండి కదిలింది. ప్లాంటు వైపు మలుపు వచ్చింది, పోయింది. ఆయన తిప్పలేదు. ఊరు దాటాక గోదాములు, వాటి తర్వాత ఖాళీ పొలాలు.

"ఎవరావిడ?" అంది చివరికి.

ఆయన చటుక్కున తిరిగి చూశాడు. ఆ చూపులో దొరికిపోయినవాడి భయం లేదు. దెబ్బ తిన్నవాడి ఆశ్చర్యం ఉంది. "అలా అనుకున్నావా?"

"ఏమనుకోమంటారు? సెలవు రోజున డ్యూటీ అంటారు. బండి ఎక్కడో కడుపు నింపుకుని వస్తుంది. ఇంటికొచ్చి నోరు విప్పరు. ఎక్కడికి వెళ్తున్నామో ఇప్పుడైనా చెప్పండి."

"చెప్పలేను."

"చెప్పలేరా, చెప్పరా?"

"చెప్పకూడదు. నా నోరు కట్టేసింది నువ్వే." ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "నా చేయి నీ తల మీద పెట్టించుకున్నావు చూడు, ఆ ఒట్టు తీసెయ్. చెబుతాను. తీయనంటే ఇక్కడే తిప్పేస్తాను. ఇకముందు నేను కూడా వెళ్ళను. నీ మీద ఒట్టు."

సరిగ్గా అప్పుడే బ్యాటరీ అడుగంటింది. ఇంజను గుర్రుమని అందుకుంది. ఈసారి ఆవిడ ఉలిక్కిపడింది దాని చప్పుడుకు కాదు.

"ఆపండి" అంది.

రోడ్డు పక్కన ఆపాడు. ఆవిడ తలుపు తీసుకుని దిగి, నాలుగడుగులు వేసి, కంకర కుప్ప దగ్గర నిలబడింది. లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి.

ఒట్టు ఎందుకు వేయించుకుందో ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. బాధ తట్టుకోలేక అనుకుని ఉంటాడు. అసలు సంగతి వేరు. తన దగ్గరికి యూనిఫాంల కొలతలకు పిల్లలు వస్తారు. ఒక్కొక్కరి ఛాతీ చుట్టూ టేపు తిప్పుతున్నప్పుడు, వీడిలో ఉన్నాడేమో, దీనిలో ఉన్నాడేమో అనుకునేది. ఎవరో తెలియనంతకాలం ఎవరైనా కావచ్చు. వీధిలో పరిగెత్తే ప్రతి బిడ్డలోనూ వాడు కాస్త ఉన్నట్టే. తెలిసిందా, ఇక ఒక్కరే. ఆ ఒక్కరికి జ్వరం రావచ్చు. మందులు పడకపోవచ్చు. ఆ బిడ్డ కూడా పోతే, కన్నకొడుకు రెండోసారి పోతాడు. ఏ తల్లినైనా దేవుడు అది రెండుసార్లు అడుగుతాడా? అడగడని ఎక్కడా రాసి లేదు.

కాని బండిలో కూర్చున్న ఆ మనిషి ఆ భయాన్ని ఒక్కడే మోసుకుంటూ ఇన్ని గురువారాలు ఈ రోడ్డు మీద తిరిగాడు. వాడు ఆయనకీ కొడుకే కదా. ఆ ఆలోచన ఆవిడకు అప్పటిదాకా రాలేదంటే, తర్వాత తలుచుకుని తానే నమ్మలేకపోయింది.

తిరిగి వచ్చి సీట్లో కూర్చుని, ఆయన ఎడమచేయి తీసుకుని తన తల మీద పెట్టుకుంది. పాపిట మీద నుంచి దాన్ని తానే కిందికి దించింది.

"తీశాను. చెప్పండి."

ఆయన అద్దం సర్దాడు, ఎదురుగా రోడ్డుకే చెబుతున్నట్టు చెప్పాడు.

"ఆ రోజు వాణ్ణి లోపలికి తీసుకెళ్ళాక నువ్వు కళ్ళు తిరిగి పడ్డావు. నీకు సెలైను పెట్టారు. నేను నీళ్ళ కోసం కింది అంతస్తుకు వెళ్ళాను. అక్కడ బెంచీ మీద ఒకావిడ ఏడుస్తోంది, నవ్వుతోంది. రెండూ. నన్ను చూసి, ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి కదా, చెప్పేసింది. మా పాపకి గుండె దొరికిందండీ, ఇప్పుడే తీసుకెళ్ళారు లోపలికి అంది. దొరికిందట."

టైలరమ్మ కళ్ళు మూసుకుంది.

"ఏం మాట్లాడాలో తెలీక చేతిలో ఉన్న నీళ్ళ సీసా ఇచ్చాను. తాగింది. మీ వాళ్ళు కూడా బాగవుతారండీ అని నన్ను దీవించింది. హైవే పక్కన మొక్కల నర్సరీ ఉందట వాళ్ళకి. పాప లేచి నడిచాక ఒక మొక్క ఇస్తాను, రండి అంది. అంతే. ఆసుపత్రివాళ్ళు నాకు ఏమీ చెప్పలేదు, నేను అడగనూ లేదు."

"వెళ్ళారు."

"ఆర్నెల్లు ఆగాను. ఆగలేక వెళ్ళాను. దూరం నుంచి ఒక్కసారి చూసి వచ్చేద్దామనే. వాళ్ళ గేటు పక్కన చార్జింగు పాయింటు పెట్టారు. బండ్లు ఆగితే నాలుగు మొక్కలు అమ్ముడవుతాయని. చిన్న పాయింటు, నెమ్మదిగా ఎక్కుతుంది. బండి నిండేదాకా అక్కడే కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు. ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. అందుకే నత్త కావాలన్నాను."

ఇంజను తనమానాన తిరుగుతోంది. ఆవిడ వేలు గేరు పక్కనున్న మాసిన బొత్తం మీద ఆగింది.

"మరి ఇదెందుకు నొక్కుతారు, తిరిగి వచ్చేటప్పుడు?"

"చదివావా?" ఆయన సిగ్గుపడ్డట్టు నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "ఆ గొట్టం ఆ పాపే పెడుతుంది. ఆ పిల్ల చేత్తో ఎక్కిన కరెంటు దారిలో పారబోయబుద్ధి కాలేదు. నీకు చెప్పకూడదు, నిన్ను తీసుకెళ్ళకూడదు. శుక్రవారం పొద్దున నిన్ను బట్టల బజారుకు తిప్పుతాను కదా..."

అక్కడితో ఆపేశాడు. చెప్పనక్కర్లేదు కూడా. శుక్రవారం పొద్దున ఆ చప్పుడు లేని బండిలో, తల అద్దానికి ఆనించి, ఊరంతా నీళ్ళలోంచి చూస్తున్నట్టు చూసుకుంటూ వెళ్ళేది ఆవిడ. వారం మొత్తం మీద కంటికి కునుకు వచ్చేది అప్పుడే. ఎందుకో ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు కూడా, అది నిజంగా ఆ కరెంటు మహిమని ఆవిడ నమ్మలేదు. కరెంటు ఎక్కడిదైనా కరెంటే. కాని ఒక మనిషి నోటితో చెప్పలేనిదాన్ని అంత దూరం నుంచి మోసుకొచ్చి పక్కన పెట్టాడే, దాన్ని ఏమనాలి?

"పోనివ్వండి" అంది.

నర్సరీ గేటు దగ్గర బండి ఆగీ ఆగకముందే లోపల నుంచి ఒక ఆడపిల్ల గబగబా వచ్చింది. పద్నాలుగేళ్ళుంటాయి. పొడుగు చేతుల చొక్కా, మూతికి మాస్కు, చేతులకు గ్లవ్స్. నడక తొందరైనా పరుగు కాదు, పరిగెత్తవద్దని ఎవరో చెప్పి చెప్పి నేర్పిన నడక. టైలరమ్మ ఆ పిల్లను పై నుంచి కిందిదాకా చూసింది. కనుబొమలు, నిలబడే తీరు, తల తిప్పడం. ఏదో ఒకటి కనపడుతుందని వెతికింది. ఏమీ లేదు. ఎవరి పిల్లో ఎవరి పోలికలతోనో ఎదురుగా నిలబడి ఉంది.

"నత్త అంకుల్! పోయిన వారం రాలేదే?"

"జ్వరం వచ్చిందమ్మా."

"మందులు వేసుకున్నారా? టైముకు వేసుకోవాలి. నేను చూడండి, గోల చేయకుండా వేసుకుంటాను." గొట్టం తీసి, మూత తెరిచి, అలవాటైన చేత్తో నొక్కింది. టక్కుమని పట్టుకుంది. పచ్చ లైటు మిణకడం మొదలైంది. "మొత్తం ఖాళీ! ఏం తాగుబోతు బండి అంకుల్ మీది!" అంటూ అప్పుడే టైలరమ్మను చూసింది. "ఆంటీ, నన్ను మట్టి ముట్టుకోనివ్వరు. మొక్కలన్నీ వాళ్ళవి, బండ్లన్నీ నావి."

టైలరమ్మ చూపు పిల్ల చొక్కా మీదికి పోయింది. ఎడమ భుజం దగ్గర కుట్టు విడిపోయి, రెండు వేళ్ళ మేర నోరు తెరిచి ఉంది. ఇన్నేళ్ళ అలవాటు, చేయి తనను అడక్కుండానే వెళ్ళి ఆ కుట్టును పట్టుకుంది. చొక్కా పల్చటిది. కింద ఒళ్ళు వెచ్చగా ఉంది. పిల్ల కదలకుండా నిలబడింది, డాక్టర్ల చేతులకు అలవాటుపడ్డ పిల్లలు నిలబడినట్టు.

"ఇన్నాళ్ళకు తీసుకొచ్చారా వదినగారిని!" అంటూ మొక్కల వరుసల మధ్య నుంచి పిల్ల తల్లి వచ్చింది, చేతుల మట్టి కొంగుకు తుడుచుకుంటూ. టైలరమ్మ చేయి ఎక్కడుందో చూసి నవ్వింది. "చూశారా వదినా, చినిగిన చొక్కా వేసుకోవద్దంటే వినదు. అన్నయ్యగారూ, కుర్చీలు మీరే వేయండి, ఎక్కడున్నాయో మీకు తెలుసుగా."

ఆయన రేకుల షెడ్డు పక్కన మడిచిపెట్టిన కుర్చీ అందుకున్నాడు.

"ఇదిగో, ఈయన మంచివారే గాని మాటకు మహా పిసినారి" అంది ఆవిడ, టైలరమ్మ పక్కకు వచ్చి. "పిల్లలెంతమంది అంటే ఒక్కడే అబ్బాయి అంటారు. ఏం చదువుతున్నాడంటే, గొట్టం సరిగ్గా పట్టుకుందా లేదా అని చూడ్డం మొదలెడతారు. ఆ బెంచీ మీద కూర్చుని ఏడుస్తుంటే నాకు నీళ్ళిచ్చిన మనిషి. ఆ రోజు వాళ్ళ వాళ్ళెవరు ఆసుపత్రిలో ఉన్నారో కూడా ఈనాటికీ చెప్పలేదు. నేను మాత్రం రోజూ దేవుడికి దణ్ణం పెట్టినప్పుడు, వాళ్ళు ఎవరైనా సరే బాగుండాలని అడుగుతూనే ఉన్నాను. మీరైనా చెప్పండి వదినా. అబ్బాయి ఎలా ఉన్నాడు?"

షెడ్డు దగ్గర కుర్చీ విప్పుతున్న చప్పుడు సగంలో ఆగిపోయింది. పిల్ల కూడా జవాబు కోసం తలెత్తి చూసింది.

టైలరమ్మ ఆ భుజం మీంచి చేయి తీయలేదు.

"మా అబ్బాయి..." అని మొదలుపెట్టింది.